తక్కువ ఖర్చులో గట్టి గాలి: విశాఖలో ఒక వైండింగ్ దుకాణంలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కంచరపాలెంలో చిన్న మోటారు వైండింగ్ దుకాణం. ఫ్యాన్లు, బ్లోయర్లు, నీళ్ళ మోటార్లు విప్పి చుట్టి మళ్ళీ తిప్పడం మా పని. మార్చి నుంచి జూన్ దాకా రోజుకు నలుగురైనా వచ్చి ఒకే మాట అంటారు: "గాలి గట్టిగా రావాలి, ఖర్చు తక్కువ కావాలి." నోటితో చెప్పి చెప్పి అలసిపోయి, ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

గట్టి గాలి కావాలి. ఏది కొనమంటారు?

దేనికి అని ముందు నేను అడుగుతాను. ఒంటికి చెమట ఆరాలా, పొయ్యి రాజుకోవాలా, వంటింటి పొగ బయటికి పోవాలా, కంప్యూటర్‌లో దుమ్ము ఎగిరిపోవాలా? నాలుగింటినీ మనం "గట్టి గాలి" అనే అంటాం, కానీ ఆ మాటలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి ఎంత గాలి కదులుతోందన్నది, రెండవది అది ఎంత తోపుతో వస్తోందన్నది. చెరువు తూములోంచి పారే నీళ్ళు ఎక్కువ, తోపు తక్కువ. పిచికారీలో నీళ్ళు చారెడే, తోపు మాత్రం గోడ దాకా కొడుతుంది. గాలి సంగతీ అంతే.

అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి సుమారు 200 నుంచి 230 ఘనపు మీటర్ల గాలిని కదుపుతుంది, అదీ 75 వాట్ల లోపు కరెంటుతో. 16 అంగుళాల స్టాండు ఫ్యాన్ 60 నుంచి 80 దాకా కదుపుతుంది. చేత్తో పట్టుకుని దుమ్ము ఊదే హ్యాండ్ బ్లోయర్ 500, 600 వాట్లు తింటూ చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది, కానీ నిమిషానికి ఇచ్చేది 3 ఘనపు మీటర్లు, అటూ ఇటూ. అయినా మూల నక్కిన దుమ్మును అది లేపినట్టు సీలింగ్ ఫ్యాన్ లేపలేదు. దాని తోపు నీటి మట్టంలో కొలిస్తే (ఎలా కొలవాలో కింద రాశాను) కొన్ని వందల మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు ఫ్యాన్ తోపు నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు.

అందుకే ఒంటికీ గదికీ అయితే పెద్ద రెక్కలున్నది, నెమ్మదిగా తిరిగేది కొనండి. గొట్టంలోంచి, బొగ్గుల మధ్యనుంచి, జాలీలోంచి గాలి దూరాలంటే నత్తగుల్ల ఆకారంలో ఉండే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ తీసుకోండి. దుమ్ము కొట్టడానికైతే హ్యాండ్ బ్లోయర్. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోయి నష్టపోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను. పని నేర్చుకునే రోజుల్లో టేబుల్ ఫ్యాన్ ముందు రేకును గరాటులా చుట్టి బిగించి, కొలిమికి గాలి పెట్టబోయాను. గరాటు సన్నని మూతిలోంచి ఏమీ రాలేదు. గాలంతా ఫ్యాన్ అంచుల పక్కనుంచి వెనక్కి తిరిగి నా ముఖానికే కొట్టింది. మా గురువుగారు చాలాసేపు నవ్వి, "దీనికి మూతి ఉంది కానీ ఊపిరి లేదురా" అన్నారు.

దుకాణదారు చెప్పే అంకెలు నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

బ్లోయర్ అయితే ఒక చెత్త సంచి చాలు. వంద లీటర్ల ప్లాస్టిక్ సంచిని నలిపి గాలి తీసేసి, బ్లోయర్ మూతికి పట్టి, ఫోనులో సెకన్లు చూడండి. రెండు సెకన్లలో నిండితే సెకనుకు 50 లీటర్లు, అంటే నిమిషానికి 3 ఘనపు మీటర్లు. నాలుగు సెకన్లు పడితే అందులో సగం. ఈ పరీక్ష చేస్తామంటే కొందరు దుకాణదారులు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

తోపు కొలవడానికి మీటరు పొడవు కాళ్ళుండేలా పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంగ్ల అక్షరం యు ఆకారంలో వంచి, సగానికి నీళ్ళు పోయండి. బ్లోయర్ మూతికి అట్ట అడ్డం పెట్టి, దానికి చేసిన చిన్న రంధ్రంలో గొట్టం ఒక కొస దూర్చండి. రెండు వైపులా నీటి మట్టాలకు మధ్య ఎన్ని మిల్లీమీటర్ల తేడా వస్తే అంత తోపు. హ్యాండ్ బ్లోయర్‌ను మాత్రం ఇలా రెండు మూడు సెకన్లకు మించి తిప్పకండి. దాని మోటారును చల్లబరిచేది ఆ గాలే. దారి మూస్తే మోటారు ఉడికిపోతుంది.

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ గాలి తగ్గిపోయింది. కొత్తది కొనాలా?

చాలాసార్లు అక్కరలేదు. ముందు రెక్కల మీద పేరుకున్న దుమ్ము తుడవండి. తరువాత కండెన్సర్ మార్పించండి. మన ఇళ్ళలోని మామూలు ఫ్యాన్లకు ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని విలువ పడిపోతుంది. ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంటుంది కానీ వేగం అందుకోదు. కొత్త కండెన్సర్ వంద రూపాయల లోపే దొరుకుతుంది. పాతదాని మీద ఏ అంకె ఉంటే అదే వేయించండి. "పెద్దది వేస్తే ఇంకా గట్టిగా తిరుగుతుంది" అని ఎవరైనా అంటే వినకండి, వైండింగ్ వేడెక్కి కాలుతుంది. ఆపేశాక కూడా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు కాబట్టి తెలియనివాళ్ళు చేయి పెట్టవద్దు.

కండెన్సర్ మార్చినా గాలి రాకపోతే రెక్కలు చూడాలి. దించి ఎక్కించేటప్పుడు రెక్కలు వంగి, వాటి వాలు పోతుంది. వాలు పోయిన రెక్క గాలిని తొయ్యదు, కోసుకుంటూ పోతుంది.

బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు అంత ధర పెట్టవచ్చా?

బీఎల్‌డీసీ అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు. అది ఎక్కువ గాలి ఇస్తుందని కొనకండి, తక్కువ కరెంటుకు అంతే గాలి ఇస్తుందని కొనండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, ఇది సుమారు 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగితే రోజుకు అర యూనిట్ పైనే మిగులుతుంది. ఏడాదిలో 300 రోజులకు 162 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 972 రూపాయలు. ధరలో తేడా 1,500 అయితే ఏడాదిన్నరలో తిరిగి వచ్చేస్తుంది. రోజుకు రెండు గంటలు తిరిగే అతిథుల గదికి మాత్రం ఇది దండగ.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు నక్షత్రాల గుర్తు తప్పనిసరి. ఆ నక్షత్రాలు ఒక్కో వాటుకు ఎంత గాలి వస్తుందో చెబుతాయి. మొత్తం గాలి ఎంతో వేరే అంకె ఉంటుంది, దాన్నీ చూడండి. మరమ్మతు చేసేవాడిగా ఇంకో మాట: వీటిలో పోయేది వైండింగ్ కాదు, లోపలి ఎలక్ట్రానిక్ కార్డు. దాన్ని విప్పి బాగుచేయడం కంటే కొత్తది వేయడమే ఎక్కువగా జరుగుతుంది. కాబట్టి గ్యారంటీ ఎక్కువ ఏళ్ళు ఉన్నదే తీసుకోండి, బిల్లు పారేయకండి.

విశాఖలో ఎయిర్ కూలర్ పనిచేస్తుందా?

పెద్దగా చేయదు. ఈ ఒక్క జవాబు చెప్పినందుకే నా మీద అలిగినవాళ్ళు ఉన్నారు.

కూలర్ చల్లబరచదు, నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి అవుతూ నీరు గాలిలోని వేడిని తీసుకుంటుంది. గాలి పొడిగా ఉంటేనే ఆ ఆట సాగుతుంది. కర్నూలు, కడపల వైపు ఎండాకాలంలో 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉందనుకోండి. అక్కడ తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 చూపుతుంది, కూలర్ అంతకంటే కిందికి దించలేదు. ఒక మంచి కూలర్ ఆ తేడాలో ఐదింట నాలుగు వంతులు దించినా 28 డిగ్రీల గాలి వస్తుంది. హాయిగా ఉంటుంది. మన బీచ్ రోడ్డులో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజు తడిగుడ్డ థర్మామీటరు 30 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ ఎంత మంచిదైనా దించేది మూడు డిగ్రీలు, దానికి తోడు గదిలోకి ఇంకాస్త తేమ. కాసేపటికి మంచం మీద దుప్పటి కూడా జిగటగా అవుతుంది. చెమట ఆరదు కాబట్టి ఆ మూడు డిగ్రీల సుఖమూ దక్కదు.

ఇక్కడ కూలర్ ఉన్నవాళ్ళకు నా సలహా: నీళ్ళు పోయకండి. అందులో ఉన్నది మంచి ఫ్యాన్, ఉత్త ఫ్యాన్‌గా వాడుకోండి. జాలీ తీసేస్తే గాలి ఇంకా పెరుగుతుంది. బస్సెక్కి రాయలసీమ వెళ్ళే బంధువులకు ఇచ్చేస్తే ఇంకా మంచిది.

మూడు ఫ్యాన్లు పెట్టినా ఇంట్లో గాలి ఆడటం లేదు. నాలుగోది పెట్టాలా?

వద్దు. మూసిన గదిలో ఫ్యాన్ ఉన్న గాలినే కలియబెడుతుంది. ఆ గాలి మీ ఒంటి చెమటను ఆర్పుతుంది కానీ గది వేడిని ఎక్కడికీ తీసుకుపోదు. పైగా ఫ్యాన్ తాగిన కరెంటు కూడా చివరికి ఆ గదిలో వేడిగానే మిగులుతుంది.

మన ఊరికి ఆగ్నేయాన సముద్రం ఉంది. పగలు నేల వేడెక్కాక గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. రాత్రి నేల చల్లారాక గాలి నేల వైపు నుంచి సముద్రానికి తిరుగుతుంది. ఇది మనకు ఉచితంగా వచ్చే బ్లోయర్. దాని దారి తెరిచి ఉంచడమే మన పని. సముద్రం వైపు ఒక కిటికీ, దానికి ఎదురు గోడకు ఇంకో కిటికీ తెరవండి. ఎదురు గోడకు కిటికీ లేకపోతే అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. సముద్రం వైపు గోడకు ఎగ్జాస్ట్ పెట్టిన ఇళ్ళు నేను ఎన్నో చూశాను. మధ్యాహ్నం బయటి గాలి లోపలికి, ఫ్యాన్ గాలి బయటికి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. మోటారు వేడెక్కుతుంది, గది వేడిగానే ఉంటుంది.

బయటికి ఎంత పోతే లోపలికి అంత రావాలి. తలుపు సందులోంచి ఈల వినపడుతోందంటే లోపలికి వచ్చే దారి ఇరుకుగా ఉందని అర్థం. ఫ్యాన్ రంధ్రానికి రెండింతల దారి ఉంటే మంచిది.

డబ్బు మిగిల్చే ఇంకో సంగతి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగానికి తగ్గుతుంది, కానీ ఆ గాలిని తొయ్యడానికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారు నష్టాల వల్ల మీటరులో అంత తేడా రాదు కానీ, ఒక ఫ్యాన్‌ను గింగిరాలు తిప్పడం కంటే రెండింటిని నెమ్మదిగా తిప్పడమే చవక. చప్పుడూ తక్కువ. పాత పెట్టె రెగ్యులేటర్ ఉంటే మాత్రం ఈ లాభం దక్కదు, మిగిలిన కరెంటును అది తనలోనే వేడిగా కాల్చేస్తుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌కు మార్చుకోండి.

వంటింటికి ఎంత ఎగ్జాస్ట్ కావాలి?

గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించండి. 10 × 8 × 10 అయితే 800 ఘనపు అడుగులు. పోపు వేసినప్పుడు ఇల్లంతా దగ్గకుండా ఉండాలంటే గంటకు 15 నుంచి 20 సార్లు ఆ గాలి మారాలి. 20 సార్లంటే 16,000 ఘనపు అడుగులు, సుమారు 450 ఘనపు మీటర్లు. పెట్టె మీద గంటకు అంతకంటే కాస్త ఎక్కువ రాసి ఉన్నది తీసుకోండి. చేపలు ఎక్కువ వేయించే ఇల్లయితే ఇంకో సైజు పెంచండి.

గ్యాస్ వాసన వస్తే ఎగ్జాస్ట్ స్విచ్ వేయకండి. వేసి ఉంటే ఆపకండి. స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. కిటికీలు తెరిచి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి బయటికి రండి.

బొగ్గుల పొయ్యికి, కొలిమికి ఏది చవక?

ఆర్‌కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళను చూడండి. చేతిలో విసనకర్ర, పక్కన సముద్రపు గాలి. వాళ్ళ పనికి అంతకంటే చవకైనది నేను చెప్పలేను. రోజంతా పొయ్యి నడిపే టిఫిన్ బండికైతే చేత్తో తిప్పే చిన్న బ్లోయర్ గానీ, బ్యాటరీతో నడిచే 12 వోల్టుల చిన్న బ్లోయర్ గానీ సరిపోతుంది.

ఇనుము కాల్చే కొలిమికి సెంట్రిఫ్యూగల్ బ్లోయరే కావాలి. వెనుకటి తోలుతిత్తి చేసిన పని ఇదే: కొద్ది గాలి, మంచి తోపు. గాలిని తగ్గించాలంటే మూతి దగ్గర జారే రేకు గేటు పెట్టండి, మోటారును మాటిమాటికీ ఆపనక్కరలేదు. గేటు మూస్తే మోటారు మీద బరువు పెరుగుతుందని చాలామంది భయపడతారు. ఈ రకం బ్లోయర్‌కు బరువు తగ్గుతుంది, తోసే గాలి లేదు కాబట్టి. రెక్కల ఫ్యాన్ ఇందుకు ఉల్టా: దారి మూస్తే దాని మోటారు మీద బరువు పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూసినప్పుడు చప్పుడు సన్నగా, వేగంగా మారడం విన్నారా? బరువు తగ్గి మోటారు పరుగెత్తుతోందన్నమాట.

హ్యాండ్ బ్లోయర్‌ను ఎంతసేపైనా వాడవచ్చా?

పావుగంట నడిపి, చల్లారనివ్వండి. అందులో ఉన్నది నిమిషానికి పదమూడు వేల చుట్లకు పైగా తిరిగే కార్బన్ బ్రష్‌ల మోటారు. బ్రష్‌లు అరుగుతాయి, అరిగినవి మారిస్తే మళ్ళీ కొత్తదిలా పనిచేస్తుంది. ఈ చిన్న పని తెలియక మోటారునే పారేసేవాళ్ళు ఉన్నారు. బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి కాబట్టి పెట్రోలు, థిన్నర్, స్ప్రే పెయింట్ దగ్గర దీన్ని పెట్టకూడదు. ఇంట్లో పాత వాక్యూమ్ క్లీనర్ మూల పడి ఉంటే దాని వెనుక గాలి వచ్చే రంధ్రానికి గొట్టం తగిలించి చూడండి, హ్యాండ్ బ్లోయర్ కొనే పని తప్పవచ్చు.

పాత బ్లోయర్ కొంటున్నాను. ఏమి చూడాలి?

కరెంటు ఇవ్వక ముందే చేత్తో తిప్పండి. గరగర లేకుండా తిరిగి, మెల్లగా ఆగాలి. ఇరుసును పైకీ కిందికీ కదపండి, ఆట ఉంటే బేరింగ్ పోయినట్టు. బేరింగ్ చవకే, భయం లేదు. వైండింగ్ దగ్గర ముక్కు పెట్టి చూడండి. కాలిన వార్నిష్ వాసన వస్తే రీవైండింగ్ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. లోపలి చక్రం రెక్కలు తుప్పు పట్టి ఒకవైపు బరువుగా ఉంటే అదిరిపోతుంది, అది మాత్రం వద్దు.

గాజువాక ఆటోనగర్‌లో పాత త్రీఫేజు బ్లోయర్ కొన్న ఒకాయన, "గాలి వస్తోంది కానీ ఊపు లేదు, మోసపోయాను" అని దాన్ని ఆటోలో వేసుకుని వచ్చారు. మోటారులో ఏ దోషమూ లేదు. మూడు ఫేజుల్లో రెండు తీగలు అటుదిటు చేశాను, దుకాణంలో కాగితాలన్నీ ఎగిరిపోయాయి. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ వెనక్కి తిరిగినా గాలి మూతిలోంచే వస్తుంది, బలహీనంగా. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పెట్టె మీద బాణం గుర్తు ఉంటుంది, అటే తిరుగుతోందా చూసుకోండి.

కాలేజీ ప్రాజెక్టుకు గాలి సొరంగం చేస్తున్నాం. ఏ ఫ్యాన్?

కావలసిన వేగాన్ని సొరంగం వైశాల్యంతో గుణించండి. 30 సెంటీమీటర్ల చదరపు సొరంగంలో సెకనుకు 5 మీటర్ల గాలి కావాలంటే నిమిషానికి 27 ఘనపు మీటర్లు. గట్టి రకం 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో దాని దగ్గరికి రావచ్చు. ఫ్యాన్‌ను ముందు పెట్టి ఊదించకండి, చివర పెట్టి పీల్చనివ్వండి. ఊదిన గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. లోపలికి వచ్చే మూతిలో కూల్‌డ్రింకు స్ట్రాలను తేనెపట్టులా పేర్చితే గాలి తిన్నగా సాగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు చూసినవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో తోస్తుంది.

వానాకాలంలో బట్టలు, వడియాలు ఆరడం లేదు.

ఫ్యాన్ ఒక్కటే చాలదు. గాలిలో తేమ 80 శాతం ఉంటే అది ఎంత వీచినా తీసుకుపోయే తడి తక్కువ. అదే గాలి 30 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే తేమ 46 శాతానికి పడిపోతుంది. కాబట్టి ఫ్రిజ్ వెనుకలాంటి కాస్త వెచ్చని చోటు చూసి, తీగల మధ్య జానెడు ఎడం వదిలి, చిన్న ఫ్యాన్ పక్కనుంచి పెట్టండి. కిటికీ మాత్రం కొంచెం తెరిచి ఉంచండి, బట్టల్లోంచి వచ్చిన తడి బయటికి పోవాలి కదా. వడియాలకైతే ఎండ కోసం ఆగడమే నయం.

ఉప్పుగాలికి ఫ్యాన్లు తుప్పు పడుతున్నాయి.

బీచ్‌కు దగ్గరి ఇళ్ళలో ఇనుప జాలీల ఎగ్జాస్ట్ రెండు మూడేళ్ళకే పొరలు ఊడటం మామూలే. ప్లాస్టిక్ చట్రం, ప్లాస్టిక్ రెక్కలు ఉన్నవి తీసుకోండి. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి. సీలింగ్ ఫ్యాన్‌కు అల్యూమినియం రెక్కలు మేలు. పై కొక్కెం, షాఫ్టు పిన్ను ఏడాదికొకసారి చూడండి. గాలి కంటే తల ముఖ్యం.

కరెంటు పోయినప్పుడు?

150 ఆంపియర్ అవర్ల 12 వోల్టుల బ్యాటరీలో సగం వరకే వాడుకుంటే 900 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో కొంత పోయినా ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్ దాదాపు ఒక రోజంతా తిరుగుతుంది. పాత 75 వాట్ల ఫ్యాన్ పది గంటలు. హుద్‌హుద్ తరువాత కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఊరు మనది కాబట్టి ఇంట్లో ఒక్క గదికైనా బీఎల్‌డీసీ ఉంచుకోమంటాను. హ్యాండ్ బ్లోయర్‌ను చిన్న ఇన్వర్టర్‌కు తగిలించవద్దు.

రెక్కలు లేని ఫ్యాన్లు, యూఎస్‌బీ బుల్లి ఏసీలు?

రెక్కలు లేని ఫ్యాన్‌కు రెక్కలు అడుగున దాగి ఉంటాయి. అందానికి, పసిపిల్లల వేళ్ళ భద్రతకు డబ్బు పెట్టవచ్చు, గాలికి కాదు. యూఎస్‌బీ బుల్లి ఏసీ అన్నది దోసెడు నీళ్ళ కూలర్. పైన కూలర్ జవాబు చదవండి.

మీ దుకాణానికి వచ్చేటప్పుడు ఏమి తేవాలి?

గది కొలతలు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో గీసిన కాగితం, పాత మోటారు ఉంటే దాని పేరురేకు ఫోటో. కండెన్సర్ కోసమైతే ఫ్యాన్ దించి మోసుకురావద్దు, పాత కండెన్సర్ మీద ఉన్న అంకె చెబితే చాలు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది.